ఎండ మిద్దె మీది హ్యాండిల్

రెంటచింతల ఎండను తిట్టని మనుషులు ఆ ఊళ్ళో ఇద్దరే ఉండేవారు. ఒకరు లోహశాల పెద్ద డాక్టర్ పరాంకుశం. రెండో మనిషి ఆయన దగ్గర పనిచేసే లూర్దమ్మ. ఆయనకు ఎండ అంటే పరిశోధన. ఆమెకు ఎండ అంటే మొగుడి చేతులు.

లోహశాల మిద్దె మీద ఒక వెడల్పాటి రేకు తొట్టి, దాన్నిండా నల్ల ఇసుక, ఆ ఇసుకలో సగం దాకా పూడ్చిన స్కూటర్ హ్యాండిళ్ళు వరసగా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు పాత ఇనుము కొట్టు అనుకునేవాళ్ళు. నిజానికి వాటిలో ప్రతిదానికీ ఒక కవల ఉంది. ఆ కవల భూమికి అడుగు కొసన, దక్షిణ ధ్రువపు మంచు మీద, ఒక స్నోమొబైల్‌కు బిగించి ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళు దాన్ని స్కూటర్ అనే అంటారు. ముందు చక్రం బదులు రెండు జారుడు బద్దలు, వెనక చక్రం బదులు పళ్ళున్న రబ్బరు పట్టా ఉంటాయి, అంతే తేడా. దాని మీద కూర్చుని మంచుగాలికి ఎదురుపోయేవాడికి మొదట దెబ్బతినేవి చేతివేళ్ళు. అందుకే మామూలుగా ఆ స్కూటర్ల పిడుల్లో కరెంటు తీగ చుట్టి వేడెక్కిస్తారు. పరాంకుశం గారు పోతపోసిన హ్యాండిళ్ళలో తీగ లేదు, బ్యాటరీ లేదు. రెంటచింతల ఎండే తిన్నగా వెళ్ళి ఆ పిడుల్లో తేలేది.

అదెలా అని అడిగినవాళ్ళకు ఆయన ఉపన్యాసం ఇచ్చేవాడు కాదు, టీ తెప్పించేవాడు. ఒకే పోతలో పోసి సగానికి కోసిన రెండు పలకలు ఆయన దగ్గర ఉండేవి. ఒకటి పక్కగదిలో చలిపెట్టెలో తెల్లగా మంచు పట్టి ఉంటుంది. రెండోది బల్ల మీద ఉంటుంది. దాని మీద వేడి టీ గ్లాసు పెట్టి, వచ్చినవాళ్ళను పక్కగదిలోకి పంపేవాడు. అక్కడ చలిపెట్టెలోని పలక మీద మంచు గుండ్రంగా, సరిగ్గా గ్లాసు అడుగంత మేర కరిగి ఉండేది. ఈ సగానికి ఎక్కడ వేడి తగిలితే ఆ సగానికి అక్కడే వేడి. అటునుంచి చలి తగిలితే ఇటూ చలి. మధ్యలో గోడ ఉన్నా, సముద్రాలున్నా తేడా లేదు. ఎందుకలా అవుతుందని మళ్ళీ అడిగితే, నాకూ పూర్తిగా తెలీదు, టీ చల్లారుతోంది తాగండి అనేవాడు.

లూర్దమ్మ మాచర్లలో బీఎస్సీ చదివింది. మిద్దె మీది తొట్టిని చూసుకోవడం ఆమె పని. పగలు హ్యాండిళ్ళను ఎండకు తిప్పడం, పొద్దుగూకే వేళకు ఇసుక కప్పి తొట్టి అడుగునున్న కరెంటు తీగలు వేయడం, మధ్యమధ్య వేడి ఎంతుందో చూడటం. ఆమె భర్త బాలశౌరి లారీ షెడ్డులో డీజిల్ మెకానిక్కు. మంచు స్థావరంలో స్కూటర్లు చూసే మనిషి కావాలని లోహశాలకు కబురొచ్చినప్పుడు అతని పేరు చెప్పింది ఆమే. పోతే మళ్ళీ ఓడ వచ్చేదాకా, ఏడాది పైచిలుకు, రావడం కుదరదని తెలిసే చెప్పింది. అతను నవ్వాడు. లారీల కింద పడుకుని పడుకుని వీపు కాలిపోయింది, కాస్త చల్లబడి వస్తానన్నాడు. కూతురు స్టెల్లాకు అప్పుడు ఏడేళ్ళు. నాన్న పెంగ్విన్లకు బండ్లు బాగుచేయడానికి వెళ్ళాడని బళ్ళో అందరికీ చెప్పుకుంది.

వెళ్ళిన కొద్ది వారాలకు ఒక సంగతి జరిగింది. సాయంత్రం ఇసుక కప్పబోతూ లూర్దమ్మ చేతి తొడుగులు తీసి, పిడులకు అంటిన ఇసుక వట్టి చేతులతో తుడిచింది. ఒక హ్యాండిల్ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. లోహం లోపలినుంచి చలి లాగుతోంది. అన్నింటికీ ఆ లాగుడు ఉండేదే. కానీ ఈ పిడి మీద నాలుగుచోట్ల, నాలుగు వేళ్ళ మేర, చలి తక్కువగా ఉంది. అటువైపు ఎవరో పట్టుకుని ఉన్నారు. వరస చూసుకుంది. అది బాలశౌరి స్కూటర్‌ది. ఆమె తన వేళ్ళను ఆ నాలుగు గీతల మీద సరిగ్గా ఆనించి కాసేపు అలాగే నిలబడింది.

స్థావరం నుంచి వారానికొకసారి ఫోన్ వచ్చేది. ఆ వారం బాలశౌరి అవీ ఇవీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించాడు.

"మొన్న సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నావా నువ్వు?"

"నీకెట్టా తెలుసు?"

"ఎండ అయితే పిడంతా ఒకటే వేడి. ఇది చెయ్యే. ఉంగరం కూడా తగిలింది."

అప్పటినుంచి అదొక అలవాటయింది. అక్కడికీ ఇక్కడికీ గడియారం తేడా తక్కువే. పొద్దుగూకే వేళకు అతను పని ముగించి, స్కూటర్ షెడ్డులో పెట్టి, హ్యాండిల్ పట్టుకుని కూర్చునేవాడు. ఆమె మిద్దె మీద తొడుగులు తీసేసేది. అతను వేళ్ళు బిగిస్తే చలిలో గీతలు చిక్కబడేవి, వదిలితే పలచబడేవి. మాటలేమీ ఉండవు. పెళ్ళయిన పదేళ్ళలో అంతసేపు చేతులు పట్టుకుని కూర్చున్నది లేదని ఆమెకు అప్పుడే తట్టింది. ఇంట్లో ఉన్నప్పుడు అతని చేతులకు ఎప్పుడూ గ్రీజే. తాకబోతే కడుక్కుని రమ్మనేది.

వట్టి చేతులతో హ్యాండిళ్ళు పట్టుకోకూడదని పరాంకుశం గారి ఖచ్చితమైన నియమం. పట్టుకుంటే అది ఒంట్లోని వేడినే లాగి అటు పంపుతుంది. లూర్దమ్మ వేళ్ళ కొసలు తెల్లబడటం మొదలైంది. ఒక ఆదివారం తలకు నూనె రాస్తుంటే స్టెల్లా ఉలిక్కిపడి పక్కకు జరిగి, అమ్మా, చేతులు ఫ్రిజ్‌లో పెట్టొచ్చావా అంది. మరోరోజు లోహశాలలో, పొయ్యి మీది టీ గిన్నెను పట్టకారు లేకుండా దించింది. చుర్రుమన్న చప్పుడు విని మస్తాన్‌బీ పరుగెత్తుకొచ్చింది. మస్తాన్‌బీ అక్కడ ఊడ్చి, కడిగి, అందరికీ టీ పెట్టే మనిషి. కాలింది తెలియలేదా అని అడిగింది. తెలిసిందంది లూర్దమ్మ. అబద్ధం.

"లూర్దక్కా, మొగుడంటే నాకూ ప్రేమే," అంది మస్తాన్‌బీ, ఆమె వేళ్ళ మీద చన్నీళ్ళు పోస్తూ. "కానీ మావాడికి వేళ్ళు ఇమ్మంటే మాత్రం ఇవ్వను. ముందు జీతం ఇమ్మను."

వేసవి దాటి వానలు పడ్డాక స్థావరానికి పై అధికారుల నుంచి ఆదేశం వెళ్ళింది. జంట లోహపు హ్యాండిళ్ళన్నీ తీసేసి, వాటి స్థానంలో మామూలు హ్యాండిళ్ళు, కరెంటుతో వేడెక్కే పిడులు బిగించాలి. సామాను ఓడలో ముందే వచ్చి ఉంది. కారణం పరాంకుశం గారే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇంకో దేశపు స్థావరం వాళ్ళు వాడి చూస్తామని ఒక జత తీసుకెళ్ళారు. వాళ్ళ మనిషి ఒకడు మంచుతుఫానులో ఇంజన్ ఆగిపోయి చిక్కుకున్నాడు. ఇంజన్ ఆగినా పిడులు వెచ్చగానే ఉన్నాయి కనుక వాటిని పట్టుకుని కూర్చుండిపోయాడు. చేతులు వెచ్చగా ఉంటే ఒళ్ళు చల్లబడుతున్న సంగతి మనిషికి తెలియదు. హాయిగా ఉంటుంది, నిద్ర వస్తుంది. దొరికేసరికి ప్రాణం ఉంది, చేతులు వెచ్చగా ఉన్నాయి, రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా తీసేయాల్సి వచ్చింది. కరెంటు పిడులైతే ఇంజన్ ఆగిన కాసేపటికే చల్లబడతాయి. చేతులు నొప్పెడతాయి. నొప్పెడితే మనిషి లేచి ఏదో ఒకటి చేస్తాడు. చెబుతూ చెబుతూ ఆయన ఒకచోట ఆగి, నేను ఆ నొప్పినే తీసేశానమ్మా అన్నాడు.

బాలశౌరి ఒక్కొక్క స్కూటర్‌కే కొత్త హ్యాండిల్ వేస్తూ వచ్చాడు. అక్కడ ఒకటి విప్పిన కబురు రాగానే ఇక్కడ మస్తాన్‌బీ దాని జంటను ఇసుకలోంచి పీకేది. అది కొలిమిలోకి వెళ్ళేది. చివరికి తొట్టిలో ఒకటే మిగిలింది.

ఫోన్‌లో లూర్దమ్మ అడిగింది, నీది మార్చావా అని. నట్టు పట్టేసిందన్నాడు. "నీకా నట్టు పట్టేసేది?" అంటే అటునుంచి నవ్వు వినపడింది. మరుసటి వారం, స్పానర్ కనపడటం లేదన్నాడు. ఆ పైవారం ఏ సాకూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఇవాళే మార్చెయ్యి అని ఒక్క మాట అనాల్సింది. కాళ్ళు పోయిన మనిషి సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ, తొందరేముందిలే, చూసుకుని మార్చు అంది. అలా అన్నప్పుడు లోపలెక్కడో కలిగిన సంతోషం తర్వాత చాలాకాలం ఆమెను వదల్లేదు.

స్థావరం నాయకుడు కురియన్‌కు ఆ సంగతి తెలిసింది. ఇంధనం పీపాలు దాచిన డిపోకు వెళ్ళే పని ఉంది, తిరిగొచ్చేటప్పటికి నీ స్కూటర్‌కు కొత్త హ్యాండిల్ కనపడకపోతే ఇక స్కూటర్ ఎక్కనివ్వనని బాలశౌరికి చెప్పేశాడు. బయల్దేరే ముందురోజు ఫోన్ చేసినప్పుడు బాలశౌరి ఇదంతా చెప్పాడు. కొత్త హ్యాండిల్, పిడులు, పనిముట్లు అన్నీ సీటు వెనక పెట్టెలో సర్దుకున్నాడట.

"డిపో దగ్గర మారుస్తా. పోయేటప్పుడు నీతో పోతా, వచ్చేటప్పుడు కరెంటుతో వస్తా."

"సరే," అంది ఆమె.

ఆ రోజు ఇక్కడ బంగాళాఖాతంలో వాయుగుండం. తెల్లవారినప్పటినుంచీ ముసురు. పొద్దున్నే కరెంటు పోయింది. లూర్దమ్మ ఆ ఒక్క హ్యాండిల్‌ను మిద్దె మీదినుంచి కిందికి తెచ్చి, చావడిలో బల్లకు బిగించింది. మధ్యాహ్నం అన్నాలు తినే వేళకు కురియన్ ఫోన్ చేశాడు. పరాంకుశం గారు వింటూ వింటూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తర్వాత ఫోన్‌ను అందరికీ వినపడేట్టు పెట్టి బల్ల మీద ఉంచాడు.

రెండు స్కూటర్లు వెళ్ళాయి. దారిలో తుఫాను లేచింది. బాలశౌరితో వెళ్ళిన వాతావరణ శాఖ కుర్రాడు ఎలాగో తిరిగొచ్చాడు, బాలశౌరి రాలేదు. దారి గుర్తుకు పాతిన జెండాలు గాలికి కొట్టుకుపోయాయి. రేడియో పలకడం లేదు. వెతకడానికి మనుషులు వెళ్ళారు గాని ఏ వైపు వెతకాలో తెలియదు. గాలి తగ్గి చాలాసేపయింది, మబ్బు తేరుకుంది, తోలుకుంటూ రావలసిన మనిషి రావడం లేదు. పొద్దుగూకేలోగా మరో తుఫాను వస్తుంది. కురియన్ అడిగింది ఒకటే. మీ దగ్గరున్న సగాన్ని ఎవరైనా పట్టుకుని చూడగలరా? అతను పట్టుకుని ఉన్నాడా?

లూర్దమ్మ అప్పటికే తొడుగులు తీసేసింది. రెండు పిడులూ పట్టుకుని కళ్ళు మూసుకుంది. మొదట మొద్దు చలి తప్ప ఏమీ తెలియలేదు. కొసవేళ్ళకు తెలిసే శక్తి పోయింది. ఆమె వేళ్ళు తీసేసి అరచేతులు, ఆ తర్వాత మణికట్లు ఆనించింది. దొరికాడు. కుడివైపు నాలుగు గీతలు. ఎడమవైపు నాలుగు.

"ఉన్నాడు," అంది. "రెండు చేతులూ ఉన్నయ్యి."

ఫోన్‌లో అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. మస్తాన్‌బీ గ్యాసు పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. మరిగిన నీళ్ళలో తువ్వాళ్ళు ముంచి, పిండి, పిడులకు చుట్టడం మొదలుపెట్టారు. ఒకటి చల్లారేలోగా ఇంకొకటి. చేతిలో పని ఉంది, పని ఫలిస్తోంది, అటువైపు మనిషి బతికి ఉన్నాడు. పరాంకుశం గారు స్వయంగా నీళ్ళ గిన్నె మోశాడు.

కాసేపటికి లూర్దమ్మ తువ్వాలు కిందుగా మణికట్టు దూర్చి చూసింది. గీతలు గీతల్లా లేవు. వెడల్పయ్యాయి, ఒకదానికొకటి ఎడమయ్యాయి. పట్టు వదులైపోయి, తెరుచుకున్న అరచెయ్యి పిడి మీద ఊరికే ఆని ఉంది. ఆ చెయ్యి ఆమెకు తెలుసు. మెలకువగా ఉన్నంతసేపూ బాలశౌరి ఏదో ఒకటి పట్టుకునే ఉంటాడు, ఫోనో, దుప్పటి అంచో, స్టెల్లా కాలో. నిద్ర పట్టగానే వేళ్ళు విచ్చుకుంటాయి. చేతిలోది జారిపోతుంది. అతను నిద్రపోయాడో లేదో ముఖం చూడకుండా చెప్పగలిగేది ఆమె.

"నిద్రపోతన్నాడు సార్."

స్థావరం డాక్టర్ ఫోన్‌లోకి వచ్చాడు. ఆమె చెప్పింది రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, ఆ వేడి వెంటనే ఆపమన్నాడు. తువ్వాళ్ళు లాగేశారు. మణికట్టు ఆనించి చూస్తూనే ఉంది. తేడా లేదు. వానలో తడిసిన రెంటచింతల గాలి కూడా అక్కడి మనిషికి వెచ్చటి దుప్పటే. హ్యాండిల్ మీద బావి నీళ్ళు కుమ్మరించారు. చెయ్యి కదల్లేదు.

గోడ వారగా సిలిండర్ లాంటి పాత్ర ఒకటి ఉంది. పోతలను పరీక్షించడానికి అందులో మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లగా ఉండే ద్రవ నత్రజని ఉంచుతారు. మూత తీస్తే తెల్లగా పొగలు కక్కుతుందని మస్తాన్‌బీ దాన్ని పొగనీళ్ళు అనేది, ఆమెను చూసి అందరూ అలాగే అనేవారు. లూర్దమ్మ దాని వైపు చూడటం పరాంకుశం గారు గమనించాడు.

"వద్దమ్మా. ఇక్కడ పోస్తే అక్కడ చెయ్యి అతుక్కుపోతుంది. వేళ్ళు పోతాయి. అతను మెకానిక్కు."

"కాళ్ళు పోయినాయనకు చేతులు బాగానే ఉన్నయ్యి గదా సార్."

ఆయన పాత్రకు అడ్డం తప్పుకున్నాడు.

"ఆయన నన్ను పట్టుకుని నిద్రపోతన్నాడు," అంది లూర్దమ్మ. "నేనే లేపాల."

పోసే ముందు ఒక్కసారి పట్టుకుందామనుకుంది. పట్టుకుంటే వదల్లేనని తెలిసి, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుంది. పాత్ర వంచింది. కుడి పిడి మీద సన్నటి ధార, ఆ తర్వాత ఎడమ పిడి మీద. బల్లంతా తెల్లటి పొగ కమ్ముకుంది. పొగ తేరుకునేసరికి హ్యాండిల్ మొత్తం మంచు పట్టి ఉంది, రెండుచోట్ల తప్ప. కుడి పిడి మీద, ఎడమ పిడి మీద, మంచు పట్టకుండా తడిగా మెరుస్తున్న అచ్చులు. నాలుగు వేళ్ళు, బొటనవేలు, అరచేతి మొదలు. ఇన్నాళ్ళూ చలిలో తడుముకున్నదాన్ని ఆమె మొదటిసారి కళ్ళతో చూసింది. మస్తాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

లూర్దమ్మ సరిగ్గా ఆ వేళ్ళ మీదే మళ్ళీ పోసింది.

కుడిచెయ్యి అచ్చు ఒక్కసారి ముడుచుకుంది. ఆ తర్వాత లేదు. అది ఉన్నచోట తెల్లటి మంచు అల్లుకుపోయింది. ఎడమది కాసేపు ఉండి, చిటికెన వేలి వైపునుంచి చెరిగిపోయింది. ఇక హ్యాండిల్ ఉత్త హ్యాండిల్.

లేచాడో, పక్కకు పడిపోయాడో తెలిసే దారి లేదు. కురియన్ ఏమైందని అడుగుతుంటే పరాంకుశం గారు, చెయ్యి తీశాడు, అంతవరకే తెలుసు అన్నాడు. బయట వాన చప్పుడు. లూర్దమ్మ ఆ తెలుపును చూస్తూ నిలబడింది. తాను పోసింది లోహం మీద కాదు, మనిషి మీద అన్న సంగతి అప్పుడు ఒంటికి తెలిసింది. స్టెల్లా బడినుంచి వచ్చే వేళయిందని, గొడుగు తీసుకెళ్ళలేదని ఏవేవో గుర్తొచ్చాయి.

మస్తాన్‌బీయే ముందు చూసింది. "అక్కా, నడుమ చూడు, నడుమ."

హ్యాండిల్ నడుమ, అది స్కూటర్‌కు బిగించే పట్టీ దగ్గర, మంచులో ఒక చుక్క. కందిగింజంత. పక్కన ఇంకొకటి. చుక్కలు మాయమై మళ్ళీ రెండోవైపు నట్టు దగ్గర తేలాయి. లూర్దమ్మకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. తొడుగులతో ఆ నట్టు తిరగదు, వట్టి వేలికొసలతో పట్టుకోవాలి. అతను పట్టుకుని తిప్పుతున్నాడు. ఒక వేలికొస చుక్క రానురాను పలచబడి, ఇక కనపడకుండా పోయింది. మిగతావి పని చేస్తూనే ఉన్నాయి.

"విప్పుతన్నాడు," అంది. "కొత్తది ఏస్తన్నాడు సార్."

అది చాలాసేపు సాగింది. చివరికి పిడుల మీద మళ్ళీ రెండు చేతుల అచ్చులు పడ్డాయి. హ్యాండిల్‌ను పైకి ఎత్తి తీసి ఉంటాడు. తీసినవాడు వెంటనే వదల్లేదు. మంచుకన్నా చల్లగా ఉన్న ఆ లోహాన్ని, రెండు చేతులా, రోజూ సాయంత్రం పట్టుకునే చోటే పట్టుకున్నాడు. లూర్దమ్మ తొడుగు విదిల్చి పారేసి చెయ్యి చాపింది. ఆమె చెయ్యి పడేలోగా అచ్చులు చెరిగిపోయాయి.

రెండో తుఫాను లేవకముందే బాలశౌరి స్థావరం చేరాడు. కుడిచేతి చూపుడువేలు కొస నల్లబడింది, అది తీసేశారు. మిగతా వేళ్ళకు బొబ్బలు. కాళ్ళు బాగున్నాయి. నాలుగు రోజుల తర్వాత అతనికి ఫోన్ పట్టుకోనిచ్చారు.

గాలి తగ్గేదాకా ఆగుదామని ఇంజన్ ఆపి కూర్చున్నానన్నాడు. పిడులు వెచ్చగా ఉన్నాయి, తొడుగులు తీసి పట్టుకున్నా, కాసేపటికి ఇంకా వెచ్చబడ్డాయి, ఎందుకో మన ఇంట్లో ఉన్నట్టే అనిపించిందన్నాడు.

"ఒక్కసారి కొరికినట్టయింది లూర్దూ. నీకేదో అయిందనుకున్నా. అందుకే లేచా. నా సంగతైతే లేచేవాణ్ణి కాదు."

"నేనే పోశా."

"చెప్పారు."

"కోపమొచ్చిందా?"

"మన ఊళ్ళో నన్ను లేపడానికి చెంబుతో నీళ్ళు పోసేదానివి," అన్నాడు. "ఇదీ అంతేగా." ఆ పాత హ్యాండిల్ ఏం చేశావని ఆమె అడిగింది. అక్కడే మంచులో వదిలేశానన్నాడు. పెట్టెలో చోటుంది గానీ, తెచ్చుకుంటే మళ్ళీ పట్టుకునే కూర్చుంటానని వదిలేశాడట.

వానలు వెళ్ళాక ఎండ మళ్ళీ వచ్చింది. ఇసుక తొట్టిలో ఆ ఒక్క హ్యాండిల్ ఎంత ఎండలోనైనా చెమటలు పట్టి, చన్నీళ్ళ కుండలా ఉండేది. దాని జంట మంచులో పడి ఉంది కదా. మస్తాన్‌బీ తన నీళ్ళ సీసా తెచ్చి దాని పక్కన ఇసుకలో గుచ్చేది. సాయంత్రాలు లూర్దమ్మ మిద్దె ఎక్కడం మానలేదు. పట్టుకునేది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే చలి, ఎక్కడా హెచ్చుతగ్గు లేదు. మనిషి పట్టుకున్న చలి వేరు, ఇది వేరు. అయినా, ఏమో, ఈపాటికి అటుగా పోతూ ఆగి ఉంటాడేమో అని రోజూ అనిపించేది. అలా అనిపించిన రోజుల్లో ఎక్కువసేపు నిలబడేది. ఒకసారి స్టెల్లా వెనకే మిద్దెక్కి వచ్చి, తనూ పిడి పట్టుకుని, నాన్న ఎక్కడున్నాడిందులో అని అడిగింది. లేడంది. మరి నువ్వెందుకు పట్టుకుంటున్నావంది పిల్ల.

పని ముగిసిన సగాలను కొలిమిలో కరిగించి మళ్ళీ పోతకు వాడటం అక్కడి పద్ధతి. ఇదొక్కటీ ఉంచుకుందామంటే ఉంచుకోమ్మా, ఎవరూ అడగరు అని పరాంకుశం గారు అన్నాడు. లూర్దమ్మ కొన్నాళ్ళు ఆలోచించింది. ఆ వారం ఫోన్‌లో, మంగళవారం మధ్యాహ్నం కరగబెడుతున్నామని బాలశౌరికి చెప్పింది. సరేనన్నాడు. ఓడ ఎప్పుడొస్తుందో, స్టెల్లాకు ఏం తేవాలో మాట్లాడుకున్నారు.

మంగళవారం హ్యాండిల్‌ను పట్టకారుతో పట్టుకుని కొలిమిలో దించింది ఆమే. అది మామూలు లోహంలా వెంటనే వేడెక్కలేదు. మొదట్లో కొలిమి వేడినంతా ఎటో పంపేస్తున్నట్టు, నిప్పుల మధ్య నల్లగా, మొండిగా ఉండిపోయింది. అటువైపు అది మంచును కరిగించుకుంటూ, తనకు తాను గుంట తవ్వుకుంటూ, ఏళ్ళ తరబడి పేరుకున్న మంచులోకి దిగిపోతూ ఉంటుందని పరాంకుశం గారికి తెలుసు, లూర్దమ్మకూ తెలుసు. సాయంత్రానికి ఎర్రబడి, వంగి, కరిగింది. ఆమె ఇంటికెళ్ళి స్టెల్లాకు జడ వేసింది.

ఆ వారం ఫోన్‌లో బాలశౌరి కొత్త పిడుల గురించి చెప్పాడు. బాగానే ఉన్నాయి, తీగ ఒకచోట ఎక్కువ వేడెక్కుతోంది, సర్దాలి. ఆమె విన్నది. కరగబెట్టేశామని చెప్పింది.

"చూశా," అన్నాడు.

"ఏం చూశావు?"

"మంగళవారం అటు పోయా. దూరాన్నుంచే కనపడింది, మంచులోంచి ఆవిరి, తాటిచెట్టంత. దగ్గరికి పోతే గుంట. లోపల ఎర్రగా ఉంది. తొడుగులు తీసి చేతులు కాచుకున్నా."

లూర్దమ్మ ఫోన్‌ను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"ఎంతసేపు?"

"చల్లారేదాకా." మళ్ళీ అతనే అన్నాడు. "ఇంజన్ ఆపలేదులే."